ప్లాస్టిక్‌ను బట్టే జిగురు
కారు భాగాల అతుకులో వాహనదారులు తెలుసుకోవాల్సినవి

గుంటూరు, ఒంగోలు: మిర్చి సీజను వచ్చిందంటే గుంటూరు యార్డు చుట్టూ టిక్కీల వాహనాల రద్దీ మొదలవుతుంది. చిలకలూరిపేట, నరసరావుపేట ప్రాంతాల జిన్నింగు మిల్లుల వద్ద పత్తి బోరేల లారీలు బారులు తీరుతాయి. 16వ నంబరు జాతీయ రహదారి మీదా, ఊళ్లలోకి వెళ్లే ఇరుకు దారుల్లోనూ కార్లకు చిన్నాచితకా దెబ్బలు తప్పవు. బంపర్ పగలడం, చక్రం పైనున్న ప్లాస్టిక్ తొడుగు చినగడం, గ్రిల్ క్లిప్పులు విరగడం నిత్యం జరిగేవే.

ఇలాంటప్పుడు చాలామంది కిరాణా కొట్టులో దొరికే చిన్న గమ్ము ట్యూబుతోనే పని కానిచ్చేస్తారు. సాయంత్రానికి గట్టిగా పట్టినట్లు కనిపించిన అతుకు వారం తిరిగేసరికి ఊడిపోతుంది. జిగురు నాసిరకమని నిందించడం పరిపాటి. నిజానికి చాలా సందర్భాల్లో లోపం జిగురులో ఉండదు. ఆ ప్లాస్టిక్‌కు ఆ జిగురు సరిపడకపోవడమే కారణం. కారులో ప్లాస్టిక్ అని మనం ఒకే మాటతో పిలిచేవన్నీ ఒకే పదార్థం కావు. ముందు ప్లాస్టిక్‌ను గుర్తించి, ఆ తరువాతే జిగురును ఎంచుకోవాలి.

తామరాకుపై నీటిబొట్టులా...

తామరాకు మీద నీటిబొట్టు పరచుకోదు, జారిపోతుంది. పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ మీద జిగురు పరిస్థితీ దాదాపు అదే. ఏ జిగురైనా పట్టాలంటే ముందు అది ఉపరితలాన్ని తడిపి, సమంగా పరచుకోవాలి. దీనికి ఆధారం ఉపరితల శక్తి. పాలీప్రొపిలీన్‌లో ఇది మీటరుకు దాదాపు 30 మిల్లీన్యూటన్లు మాత్రమే. ఏబీఎస్ ప్లాస్టిక్‌లో 40 దరిదాపుల్లో ఉంటుంది. సాధారణ ఎపాక్సీ జిగురుకు తనదైన ఉపరితల తన్యత 40కి పైమాటే. అందువల్ల అది ఏబీఎస్‌ను తడపగలుగుతుంది గానీ పాలీప్రొపిలీన్‌పై ముడుచుకుపోతుంది. గట్టిపడిన తరువాత గోటితో గీకితే పెచ్చులా లేచివస్తుంది.

కారు బంపర్లలో అత్యధికం పాలీప్రొపిలీన్‌తో చేసినవే కావడం ఇక్కడ చిక్కు. ఎక్కువగా దెబ్బతినే భాగమే జిగురు పట్టని పదార్థంతో తయారవుతోంది.

వెనుక వైపు ముద్ర చూడాలి

ప్లాస్టిక్ భాగాన్ని విప్పి వెనుక వైపు చూస్తే, రెండు కోణాకారపు గుర్తుల నడుమ పొడి అక్షరాలు అచ్చువేసి ఉంటాయి. ఐఎస్‌ఓ 11469 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం వేసే ముద్ర ఇది. అతుకు పని ఆరంభించే ముందు చూడాల్సింది దీన్నే.

పీపీ అంటే పాలీప్రొపిలీన్. బంపర్లు, చక్రాల పై తొడుగులు, బ్యాటరీ ట్రేలు, తలుపుల లోపలి పలకల్లో ఎక్కువగా కనిపిస్తుంది. దాని పక్కన ఈపీడీఎం అని ఉంటే సాగే గుణానికి రబ్బరు కలిపారని అర్థం. టీ 20 అని ఉంటే 20 శాతం టాల్క్ పొడి కలిపారని గ్రహించాలి.

ఏబీఎస్ అని ఉంటే అది గట్టి, నునుపైన ప్లాస్టిక్. గ్రిల్‌లు, అద్దాల తొడుగులు, క్రోమియం పూత వేసిన అలంకార పట్టీలు దీనితో చేస్తారు. కొన్నింటిలో దీనికి పాలీకార్బొనేట్ కలుపుతారు.

పీసీ అంటే పాలీకార్బొనేట్. ముందు దీపాల పారదర్శక కవచం దీనితోనే చేస్తారు. వెనుక దీపాల ఎర్రని కవచాలు సాధారణంగా పీఎంఎంఏ అనే యాక్రిలిక్‌తో తయారవుతాయి.

పీఏ 6, పీఏ 66 అని ఉంటే నైలాన్. జీఎఫ్ 30 అని తోడై ఉంటే 30 శాతం గాజుపోగు కలిసిందన్నమాట. రేడియేటర్ పక్క ట్యాంకులు, ఇంజనుకు గాలి అందించే గొట్టపు భాగాలు ఈ కోవకు చెందినవి.

ముద్ర చెరిగిపోతే నీటి పరీక్ష ఉపకరిస్తుంది. భాగం లోపలి అంచు నుంచి రంగు లేని చిన్న ముక్క కోసి, సబ్బు చుక్క కలిపిన నీటిలో వేయాలి. పాలీప్రొపిలీన్ సాంద్రత 0.90 మేర ఉంటుంది కనుక తేలుతుంది. పాలీఎథిలీన్ కూడా తేలుతుంది. ఏబీఎస్ 1.04, నైలాన్ 1.14, పాలీకార్బొనేట్ 1.20 సాంద్రతతో మునుగుతాయి. అయితే 20 శాతం టాల్క్ కలిసిన పాలీప్రొపిలీన్ సైతం మునిగే అవకాశం ఉంది. తేలితే జిగురు పట్టని రకమని నిర్ధారించుకోవచ్చు గానీ, మునిగినంత మాత్రాన పట్టే రకమని తీర్మానించరాదు. ముక్కను కాల్చి వాసన చూసే పాత అలవాటును మానుకోవడం మేలు. ఆ పొగ ఆరోగ్యానికి హానికరం.

ఏ జిగురు దేనికి?

సయనోయాక్రిలేట్: క్షణాల్లో అతికే చిన్న ట్యూబు గమ్ములన్నీ ఈ జాతివే. ఫెవిక్విక్ ఇందులో అందరికీ తెలిసిన పేరు. అమెరికాలోని ఈస్ట్‌మన్ కోడాక్ సంస్థలో పనిచేసిన హ్యారీ కూవర్ 1942లో ఈ పదార్థాన్ని గమనించారు. 1958లో అది విపణిలోకి వచ్చింది. గాలిలోని తేమతో ఇది గట్టిపడుతుంది. ఏబీఎస్‌తో చేసిన చిన్న ముక్కలు, విరిగిన బొత్తాలు, అలంకార పట్టీలకు సరిపోతుంది. రెండు ముక్కలు ఖాళీ లేకుండా ఇమిడితేనే బలం ఉంటుంది. అతుకు పెళుసుగా ఉంటుంది కనుక దెబ్బ తగిలినా, వంగినా పగులుతుంది. పాలీప్రొపిలీన్‌కు వాడాలంటే ముందుగా పాలీఒలిఫిన్ ప్రైమర్ పూయాలి. ప్రైమర్ పూసినా బంపర్ పగులు వంటి పెద్ద పనికి దీన్ని నమ్ముకోరాదు.

ఎపాక్సీ: రెసిన్, హార్డెనర్ అనే రెండు భాగాలు కలిపి వాడే జిగురు. అరాల్డైట్ ఈ కోవలోది. ముద్దగా పిసికి వాడే ఎం-సీల్ కూడా ఎపాక్సీయే. ఖాళీలను నింపగలదు, గట్టిదనం ఎక్కువ. ఏబీఎస్, గాజుపోగు భాగాలకు, లోహాన్ని ప్లాస్టిక్‌కు అతికే పనులకు అనువైనది. పాలీప్రొపిలీన్‌కు నేరుగా పట్టదు.

మిథాక్రిలేట్: ఇది కూడా రెండు భాగాల జిగురే. ఏబీఎస్, పాలీకార్బొనేట్ మిశ్రమాలకు ఎపాక్సీ కంటే దెబ్బకు తట్టుకునే అతుకు ఇస్తుంది. ఘాటైన వాసన ఉంటుంది కనుక గాలి ఆడే చోటే వాడాలి. ప్రైమర్ లేకుండానే పాలీప్రొపిలీన్, పాలీఎథిలీన్‌లకు పట్టే ప్రత్యేక యాక్రిలిక్ రకాలు కూడా తయారవుతున్నాయి. వాటి డబ్బాపై తక్కువ ఉపరితల శక్తి గల ప్లాస్టిక్‌లకు అని స్పష్టంగా రాసి ఉంటుంది. అది లేనిదే కొనరాదు.

పాలీయురేథేన్: బంపర్ మరమ్మతులకు ప్రత్యేకించి చేసే రెండు భాగాల జిగురు. జంట గొట్టాల్లో వస్తుంది. గట్టిపడ్డాక కూడా కొంత సాగుతుంది. పాలీప్రొపిలీన్ బంపర్‌కు వాడేటప్పుడు ముందు ప్లాస్టిక్ ప్రైమర్ తప్పనిసరి.

ద్రావణి అతుకు: ఏబీఎస్‌ను అసిటోన్ కరిగిస్తుంది. అదే రకం ప్లాస్టిక్ తురుమును అసిటోన్‌లో నానబెట్టి చిక్కని ముద్దగా చేసి పగులులో నింపితే, ద్రావణి ఆవిరై రెండు వైపులా ఏకమవుతాయి. ఈ పద్ధతి పాలీప్రొపిలీన్‌పై పనిచేయదు. పాలీకార్బొనేట్ దీపాల కవచంపై అసిటోన్ పడితే సన్నని చీలికలు ఏర్పడి పాడవుతుంది.

బోరు పైపుల గమ్ము: పల్లెల్లో చేతికి అందుబాటులో ఉంటుంది కనుక దీన్ని బంపర్లకు పూయడం కద్దు. ఇది పీవీసీని కరిగించి అతికే ద్రావణం. పాలీప్రొపిలీన్‌పై దాని ప్రభావం శూన్యం.

పాలిస్టర్ రెసిన్: గాజుపోగు చాపతో కలిపి పొరలు పొరలుగా వేసే ఈ పద్ధతి ఫైబర్ బాడీ భాగాలకే పరిమితం. బస్సుల, లారీల ఫైబర్ భాగాలకు చక్కగా సరిపోతుంది. కారు బంపర్‌కు అదే వేస్తే ఎండిన మట్టిపెళ్లలా ఊడిపడుతుంది.

జిగురు కంటే వెల్డింగే మేలైన చోట

పాలీప్రొపిలీన్ బంపర్ పొడుగునా చీలితే జిగురు కంటే వేడితో అతకడమే నమ్మదగినది. పాలీప్రొపిలీన్ దాదాపు 160 డిగ్రీల వద్ద కరుగుతుంది. వేడిగాలి తుపాకీతో అంచులను కరిగిస్తూ, అదే ప్లాస్టిక్ కడ్డీని పగులులో నింపుతారు. ఏబీఎస్ కడ్డీతో పాలీప్రొపిలీన్‌ను వెల్డు చేయడం కుదరదు. కడ్డీ, భాగం ఒకే జాతివి కావాలి. అంచులు ఒకచోట నిలవడానికి వెనుక వైపు నుంచి వేడి పిన్నులు దిగగొట్టే స్టేప్లర్‌నూ వాడతారు. పిన్నులు పట్టు కోసమే. వాటిపై వెల్డు లేదా జిగురు పొర ఉండాలి. ఆటోనగర్‌లో పని అప్పగించేటప్పుడు ఏ కడ్డీ వాడుతున్నారో అడిగి తెలుసుకోవడం వాహనదారు హక్కు.

ఎండ లెక్క వేరు

పల్నాటిలో రెంటచింతల పేరు చెబితేనే ఎండలు గుర్తుకొస్తాయి. మే నెలలో ఈ మైదానాల్లో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు తాకడం కొత్త కాదు. ఎండలో నిలిపిన కారు లోపలి వేడి ఇంకా ఎక్కువ. అమెరికాలోని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం 2018లో వెల్లడించిన పరిశోధనలో, 38 డిగ్రీలు దాటిన రోజుల్లో గంటసేపు ఎండలో ఉంచిన కార్ల డ్యాష్‌బోర్డు సగటున 69 డిగ్రీలకు, స్టీరింగ్ 53 డిగ్రీలకు చేరినట్లు తేలింది.

గది వేడిమిలో గట్టిపడే సాధారణ ఎపాక్సీల్లో చాలావాటికి మెత్తబడే హద్దు 50 నుంచి 60 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. అంటే శీతకాలంలో రాయిలా ఉన్న డ్యాష్‌బోర్డు అతుకు మే నెల మధ్యాహ్నం సడలిపోవచ్చు. డ్యాష్‌బోర్డుకు, ఇంజను గదిలోని భాగాలకు జిగురు కొనేటప్పుడు ప్యాకెట్‌పై ముద్రించిన ఉష్ణ పరిమితిని చూడాలి. 80 డిగ్రీలకు తక్కువ ఉన్నది తీసుకోకపోవడమే శ్రేయస్కరం. ఇంజనుకు ఆనుకొని ఉండే భాగాలకు ఈ పరిమితి కూడా చాలదు.

ఎండ మరో విధంగానూ పరీక్ష పెడుతుంది. ప్లాస్టిక్ వేడికి ఉక్కు కంటే అయిదారు రెట్లు వ్యాకోచిస్తుంది. మీటరున్నర పొడవున్న బంపర్ తెల్లవారుజాముకు, మధ్యాహ్నానికి నడుమ 40 డిగ్రీల తేడా వస్తే దాదాపు 4 మిల్లీమీటర్లు సాగుతుంది. రోజూ సాగి ముడుచుకునే భాగంపై పెళుసు జిగురు నిలవదు. బంపర్‌కు సాగే గుణమున్న జిగురునే సూచించడానికి కారణం ఇదే.

కలిపే సమయంలోనూ జాగ్రత్త అవసరం. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. 25 డిగ్రీల వద్ద గంటసేపు వాడకానికి వీలుండే ఎపాక్సీ, 45 డిగ్రీల వద్ద పావుగంటకే గట్టిపడవచ్చు. వేసవిలో ఉదయం పూట, నీడలో, కొద్దికొద్దిగా కలుపుకోవాలి. త్వరగా ఆరాలని హార్డెనర్ ఎక్కువ పోయడం పొరపాటు. రెండు భాగాల నిష్పత్తి తప్పితే అతుకు ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు.

మిర్చి ఘాటు, పత్తి పీచు

యార్డుకు, కల్లాలకు తిరిగే వాహనాలపై పేరుకునే మిర్చి దుమ్ములో నూనె ఉంటుంది. అది నీటితో కడిగితే పోదు. పురుగుమందుల పిచికారీ జిడ్డు, డ్యాష్‌బోర్డు మెరుపు కోసం పూసే సిలికాన్ పాలిష్ కూడా జిగురుకు శత్రువులే. ముందు సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఆపై ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. కిరోసిన్, డీజిల్, పెట్రోలుతో తుడిస్తే జిడ్డు పొర మిగులుతుంది. మిర్చి దుమ్ము పట్టిన భాగాన్ని కడగకుండా రుద్దితే కళ్లు, ముక్కు మండుతాయి. కడిగాక రుద్దేటప్పుడు కూడా ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు ఉండాలి.

ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సిన ప్రమాదం మరొకటి ఉంది. క్షణాల్లో అతికే సయనోయాక్రిలేట్ గమ్ము పత్తికి తగిలితే ఒక్కసారిగా గట్టిపడి తీవ్రమైన వేడి పుడుతుంది. పొగ రావచ్చు, చర్మం కాలవచ్చు. ఒలికిన గమ్మును దూదితో, నూలు గుడ్డతో తుడవరాదు. నూలు చేతితొడుగులతో ఈ పని చేయరాదు. వేళ్లు అతుక్కుంటే బలవంతంగా లాగకుండా గోరువెచ్చని సబ్బునీటిలో నానబెట్టి మెల్లగా విడదీయాలి. కంట్లో పడితే వెంటనే వైద్యుని వద్దకు వెళ్లాలి.

బంపర్ పగులు అతికే క్రమం

1. బంపర్ విప్పి ముద్ర చదవాలి. రెండు వైపులా కడిగి ఆరబెట్టాలి.

2. పగులు చివర 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి. పగులు ముందుకు పాకకుండా ఇది అడ్డుకుంటుంది.

3. పగులు పొడవునా ఇంగ్లీషు వీ ఆకారంలో గాడి తీయాలి. చుట్టూ 80 నంబరు ఉప్పుకాగితంతో గరుకు చేయాలి.

4. దుమ్ము దులిపి మళ్లీ ఆల్కహాల్‌తో తుడవాలి. ఆ తరువాత వేలితో తాకరాదు.

5. పాలీప్రొపిలీన్ అయితే ప్రైమర్ పూసి, తయారీదారు చెప్పిన వ్యవధి వరకు ఆగాలి.

6. ముందుగా వెనుక వైపు జిగురు పూసి, గాజుపోగు జల్లెడ గుడ్డ పరచి, దానిపై మరో పొర వేయాలి. బలమంతా వెనుక పొరదే. ముందు వైపు పూత అందానికి.

7. వెనుక పొర గట్టిపడ్డాక ముందు గాడి నింపాలి. పూర్తి బలం రావడానికి ప్యాకెట్‌పై ఉన్న వ్యవధి పాటించాలి.

8. లప్పం పెట్టాల్సివస్తే సాగే రకాన్నే వాడాలి. ఇనుప బాడీకి వాడే లప్పం బంపర్‌పై పగులుతుంది. రంగుకు ముందు కూడా ప్లాస్టిక్ ప్రైమర్ అవసరం.

పని మొదలుపెట్టే ముందు, కనిపించని అంచున ఒక చుక్క జిగురు వేసి, గట్టిపడ్డాక పీకి చూడడం ఉత్తమ పరీక్ష. పెచ్చులా లేస్తే ఆ జిగురు ఆ ప్లాస్టిక్‌కు తగదు.

అతకకూడనివి

కొన్ని భాగాలను ఏ జిగురుతోనూ అతకరాదు. పాలీఎథిలీన్‌తో చేసిన ఇంధన ట్యాంకు పగిలితే మార్చడమే మార్గం. అక్కడ అతుకు ఊడితే అగ్నిప్రమాదమే. రేడియేటర్ నైలాన్ ట్యాంకు లోపల 100 డిగ్రీలకు అటూ ఇటూగా వేడినీరు ఒత్తిడితో ఉంటుంది. పైపూత జిగురు దారిలో వదిలేస్తే ఇంజను పట్టేస్తుంది. ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్టీరింగ్ మూత, డ్యాష్‌బోర్డు మూత నిర్ణీత రేఖ వద్ద చీలేలా రూపొందించినవి. ఆ రేఖపై జిగురు పడితే ప్రమాద సమయంలో ఎయిర్‌బ్యాగ్ సక్రమంగా తెరుచుకోకపోవచ్చు. బ్రేకు ద్రవపు డబ్బా, సీటు బెల్టు భాగాలకూ ఇదే వర్తిస్తుంది.

2019 జూలై 1 నుంచి కొత్త కార్లకు వెనుక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి అయ్యాయి. వెనుక బంపర్ అతికేటప్పుడు సెన్సర్ చుట్టూ జిగురు, మందపాటి లప్పం చేరకుండా చూసుకోవాలి. పని పూర్తయ్యాక సెన్సర్ పనితీరును పరీక్షించాలి.

మార్చాలా, అతకాలా?

మోటారు బీమా సాధారణ పాలసీలో రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగుదల లెక్కిస్తారు. ఫైబర్ గ్లాస్ భాగాలకు ఇది 30 శాతం. తరుగుదల లేని అదనపు రక్షణ తీసుకున్నవారికి మాత్రమే మినహాయింపు. దీనికితోడు 1500 సీసీ వరకు కార్లకు 1000 రూపాయలు, అంతకు మించితే 2000 రూపాయలు యజమాని భరించాలి.

ఉదాహరణకు చిన్న కారు బంపర్ ధర 6000 రూపాయలనుకుంటే, తరుగుదల 3000, యజమాని వాటా 1000 పోగా బీమా నుంచి భాగం కింద వచ్చేది 2000 మాత్రమే. క్లెయిమ్ చేసినందుకు మరుసటి ఏడాది నో క్లెయిమ్ బోనస్ కోల్పోతారు. క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై క్రమంగా 50 శాతం వరకు పెరిగే రాయితీ ఇది. చిన్న పగులుకు సరైన అతుకు వేయించుకోవడమే లాభసాటి అని ఈ లెక్క చెబుతుంది. బంపర్‌ను బాడీకి పట్టి ఉంచే కొక్కేలు రెండుమూడు ఒకేచోట విరిగినా, లోపలి ఇనుప దూలం వంగినా అతుకుతో సరిపెట్టరాదు.

జిగురు కొనేటప్పుడు దుకాణంలో అడగాల్సినవి నాలుగే. ఏ ప్లాస్టిక్‌కు, ఎంత వేడి వరకు, ప్రైమర్ కావాలా, గడువు తేదీ ఎప్పటి వరకు. ఎండ తగిలే చోట నిల్వ ఉంచిన ట్యూబులు గడువులోపే పాడవుతాయి. తెరిచిన ట్యూబును మూత బిగించి చల్లని, పొడి చోట, పిల్లలకు అందకుండా భద్రపరచాలి.